ఖాళీ గేమ్ పెట్టె, అక్క వాళ్ల పీఎస్2, భోగి గడువు

నవంబర్ 10, ఆదివారం

పెట్టె ఇంటికి వచ్చింది. గుడివాడ నుంచి విజయవాడ పటమట దాకా టాటా ఏస్‌లో వెల్లకిలా పడుకోబెట్టి తీసుకొచ్చాం. దారిలో డ్రైవరు రెండుసార్లు అడిగాడు, "సార్, ఇది బీరువానా, హుండీనా?" అని. ముందువైపు డబ్బులు వేసే కన్నం, దాని కింద తాళం తలుపు ఉన్నాయి కాబట్టి అతని అనుమానంలో తప్పేం లేదు.

ఇది మా చిన్నప్పటి వీడియో గేమ్ పెట్టె. మేం హైస్కూల్లో ఉన్నప్పుడు, అంటే 1995, 96 ప్రాంతంలో, స్కూలు వెనక వీధిలో ఒక కొట్టు ఉండేది. నాలుగు పెట్టెలు, ఒక స్టూలు, చిల్లర డబ్బా, గోడకి వెంకటేశ్వర స్వామి పటం, అంతే. ఆ కొట్టు తర్వాత ఎస్‌టీడీ బూత్ అయింది, ఆ తర్వాత జిరాక్స్ షాపు, ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేర్లు. మూడు పెట్టెలు ఎప్పుడో కట్టెల కింద పోయాయి. నాలుగోది వెనక గదిలో విరిగిన కుర్చీల కింద మిగిలిపోయింది. ఓనరు గారి అబ్బాయి "తీసుకుపోతే గది ఖాళీ అవుతుందండీ" అంటూనే పద్దెనిమిది వందలు పుచ్చుకున్నాడు.

అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపుతో తట్టి చూసి, "భోగి మంటకి బాగా పనికొస్తుందిరా" అంది. పౌరుషం వచ్చి నేనూ మాట ఇచ్చేశాను. భోగి నాటికి ఇది పనిచెయ్యకపోతే నేనే ముక్కలు కొట్టి వీధి చివర మంటలో వేస్తానని. ఆవిడ వెంటనే క్యాలెండర్ తీసి వచ్చే జనవరి 13 చుట్టూ సున్నా చుట్టింది.

రాత్రి అన్నయ్య ఫోన్. పెదనాన్న గారి అబ్బాయి, ఈ పెట్టె ముందు నా పక్కన నిలబడి నాలుగేళ్లు ఆడినవాడు. పెట్టె దొరికిందనగానే ఒక్కటే అడిగాడు: "ముస్తఫా ఉంటుందా?"

మేం అప్పట్లో ఆడిన ఒక ఆటకి మేం పెట్టుకున్న పేరు అది. చూద్దాంలే అన్నాను.

నవంబర్ 17, ఆదివారం

ఇవాళ లోపల శుభ్రం చేశాను. మానిటర్ లేదు, గేమ్ బోర్డు లేదు, పవర్ సప్లై లేదు. మిగిలినవి: ఇనుప రేకు కంట్రోల్ ప్యానెల్, రెండు జాయ్‌స్టిక్‌ల మొండేలు, కాయిన్ వేసే యంత్రం, పైన బోర్డు వెనక ట్యూబ్‌లైట్ పట్టీ, ఒక కట్ట వైర్లు. నా వరకు ఇది అదృష్టమే. అసలు బోర్డూ మానిటరూ బతికున్న పెట్టె అయితే నేను దాన్ని ముట్టుకునేవాణ్ణి కాదు. నడిచే పాత మిషన్‌ని పీకి అందులో ఇంకేదో పెట్టడం నాకు నచ్చదు. ఇది ఎటూ ఖాళీ డొల్ల.

అడుగున దొరికినవి: బొద్దింకల గుడ్ల డొల్లలు, సగం బీడీ, 1992 నాటి ఒక రూపాయి బిళ్ల, ఏడు ఇనుప వాషర్లు. వాషర్లు చూసి నవ్వొచ్చింది. అందులో రెండో మూడో మావే అయ్యుండాలి. సైకిల్ షాపులో పావలాకి దొరికే వాషర్ రూపాయి బిళ్లకి బదులు పనిచేస్తుందని కనిపెట్టింది అన్నయ్యే. ఓనరు సాయంత్రం డబ్బా తెరిచేవాడు కాబట్టి మధ్యాహ్నం ఆటలకే వాడాలన్నది మా నియమం.

వైర్ల కట్ట చివర వేలెడు పొడవుకు కాస్త ఎక్కువున్న నల్లటి కనెక్టర్ ఉంది. గేమ్ బోర్డు అంచు ఇందులో దూరుతుంది. పై వరసలో 28, కింది వరసలో 28, మొత్తం 56 కాంటాక్టులు. దీన్ని జామా అంటారు. జపాన్‌లో గేమ్ మిషన్ల తయారీదారుల సంఘం 1985లో పెట్టిన ప్రమాణం అది. కరెంటు, రంగులు, స్పీకరు, కాయిన్, ఇద్దరు ఆటగాళ్ల బటన్లు, అన్నీ ఏ పిన్నుకి ఏవో ముందే తేల్చేశారు. అందుకే ఆ కొట్టు ఓనరు ఆట మార్చాలంటే పాత బోర్డు లాగి కొత్త బోర్డు గుచ్చేవాడు, పెట్టె మాత్రం అదే. పాత టూత్‌బ్రష్‌తో ఆ కాంటాక్టులు ఒక్కొక్కటీ తోముతుంటే పచ్చగా తుప్పు రాలింది, కింద ఇత్తడి మెరిసింది. ఈ కట్టని కత్తిరించను. చుట్టచుట్టి లోపలే ఓ మూల కట్టేశాను.

ప్యానెల్ ఎడమ అంచున, ఒకటో ఆటగాడి మణికట్టు ఆనే చోట, పెయింటు అరిగిపోయి తమలపాకంత మేర తెల్లటి ఇనుము కనిపిస్తోంది. రెండో ఆటగాడి వైపు అంత అరగలేదు. ఒంటరిగా ఆడినవాళ్లే ఎక్కువన్నమాట.

అడుగు పలకకి చెదలు. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది.

నవంబర్ 24, ఆదివారం

చెదల మందు కొట్టి, వారం ఎండలో పెట్టాక మేస్త్రి గారిని పిలిచాను. అడుగు పలక, వెనక తలుపు మార్చాలన్నారు. పక్క పలకలు గట్టిగానే ఉన్నాయి. కింద నాలుగంగుళాల ఎత్తు ఫ్రేము, దానికి చక్రాలు. చిన్నప్పుడు మునివేళ్ల మీద నిలబడి ఆడిన ప్యానెల్ ఇప్పుడు నా నడుముకి కిందే ఉంది. ఆ నాలుగంగుళాలతో వంగోకుండా ఆడొచ్చు, ఇల్లు కడిగినప్పుడు నీళ్లూ తగలవు. మేస్త్రి గారి కూలి, ప్లైవుడ్, చక్రాలు కలిపి 3,400. తీసేసిన చెద పలకని అమ్మ జాగ్రత్తగా మెట్ల కింద పెట్టించింది. "మొదటి వాయిదా" అంది.

డిసెంబర్ 1, ఆదివారం

లోపల ఏం పెట్టాలన్నది ఇప్పటిదాకా రాయలేదు. అక్క వాళ్లింట్లో అటక మీద పడున్న ప్లేస్టేషన్ 2 (పీఎస్2), టీవీకి తగిలించి ఆడే కన్సోల్, సన్నరకం. మేనల్లుడు ఫోన్‌లో పడ్డాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఆఫీసులో ఒకరిద్దరు, "కన్సోల్ ఎందుకు, చిన్న కంప్యూటర్ బోర్డు పెడితే ఐదు వేల ఆటలు వస్తాయి కదా" అన్నారు. వస్తాయి. కానీ ఐదు వేల ఆటల జాబితా ముందు నిలబడ్డవాడు జాబితాని కిందికీ పైకీ జరుపుతాడే గానీ ఆడడు. మా కొట్టులో నాలుగు పెట్టెలు, నాలుగే ఆటలు. నచ్చకపోయినా అదే ఆడి అందులో ఆరితేరేవాళ్లం. డిస్కు మార్చాలంటే తలుపు తెరవాల్సి రావడం నాకు లోపంగా అనిపించలేదు.

ఇంకో సంగతి. పెట్టెలో ప్లేస్టేషన్ పెట్టడం నేను మొదలుపెట్టిన అపచారమేమీ కాదు. టెక్కెన్ అనే పోట్లాట ఆట మొదటిది 1994లో ఆర్కేడ్‌లోకి, అంటే ఇలాంటి పెట్టెల్లోకి, వచ్చినప్పుడు అది నడిచిన నామ్‌కో కంపెనీ సిస్టమ్ 11 బోర్డు, ప్లేస్టేషన్ హార్డ్‌వేర్ మీద కట్టిందే. తర్వాత టెక్కెన్ 4 నడిచిన సిస్టమ్ 246లో ఉన్నది దాదాపు ప్లేస్టేషన్ 2. పెద్ద కంపెనీ చేసిన పనే నేను ఆటోనగర్ స్థాయిలో చేస్తున్నాను.

ఇక తెర. ఎల్‌సీడీ వద్దనుకున్నాను. ఈ వయసు కన్సోల్ ఇచ్చే బొమ్మని కొత్త తెర సాగదీసి చూపిస్తే అక్షరాలు పాచిపోయినట్టుంటాయి, పైగా బటన్ నొక్కిన ఘడియకి గుద్దు పడుతుంది. పక్కింటి వాళ్లు పాత సామాన్లకి వేయబోతున్న 21 అంగుళాల చదును తెర సీఆర్‌టీ (పాతరకం పిక్చర్ ట్యూబ్) టీవీని ఎనిమిది వందలకి అడిగి తెచ్చుకున్నాను. కష్టం ఏంటంటే పెట్టె లోపలి వెడల్పు 56 సెంటీమీటర్లు, టీవీ ప్లాస్టిక్ ఒళ్లు 60. అంటే ఒళ్లు విప్పాలి.

ఈ పని మాత్రం నేను చెయ్యలేదు, ఎవర్నీ చెయ్యమని చెప్పను. పిక్చర్ ట్యూబ్‌కి పైన అతికించిన రబ్బరు కప్పు కింద ఇరవై వేల వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్ పీకేసినా కొంత నిలవ ఉండిపోతుంది. ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్న మాస్టారు ఒకాయన వచ్చారు. పొడవాటి స్క్రూడ్రైవర్‌కి వైరు చుట్టి, రెండో కొస ట్యూబ్ చుట్టూ ఉన్న రాగి జడకి తగిలించి, ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని, కప్పు కిందికి మెల్లగా తోశారు. చిటుక్కుమంది. "రెండో చెయ్యి ఎందుకు వెనక్కి పెట్టారు మాస్టారూ?" అంటే, "అది దేన్నైనా పట్టుకుంటే కరెంటు గుండె మీదుగా పోద్ది బాబూ" అన్నారు. ట్యూబ్, దాని బోర్డు, చుట్టూ ఉండే డీగాసింగ్ కాయిల్ (తెరకి పట్టిన అయస్కాంతాన్ని దులిపేది) అన్నీ చెక్క ఫ్రేముకి బిగించి ఇద్దరం లోపలికి ఎక్కించాం. అసలు బరువంతా ముందు గాజులోనే ఉంది. ముందుకి తూలకుండా పెట్టె వెనక అడుగున రెండు ఇటుకలు పెట్టాను. అందంగా లేదు గానీ కదలట్లేదు.

అన్నయ్య ఫోన్: "తెర వచ్చిందా? ముస్తఫా సంగతేంటి?"

డిసెంబర్ 8, ఆదివారం

ఇవాళ రోజంతా ప్యాడ్‌లతోనే (చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్లు) సరిపోయింది, అందులో సగం వృథా.

ఆలోచన తేలికైనదే. కన్సోల్‌తో వచ్చిన ప్యాడ్ విప్పి, దాని బోర్డు మీద ఒక్కో బటన్ చోటా వైరు అతికి, ఆ వైర్లని పెట్టె మీది పెద్ద బటన్లకి తీసుకెళ్లడం. కన్సోల్‌కి తన ప్యాడే తగిలించి ఉందనిపిస్తుంది. అక్క వాళ్ల ప్యాడ్, డ్యూయల్‌షాక్ 2, విప్పాను. లోపల బోర్డు మీద బటన్లు లేనే లేవు. పల్చటి ప్లాస్టిక్ పొర, దాని మీద నల్లటి చుక్కలు. మల్టీమీటర్ పెట్టి నొక్కితే అంకె ఒక్కసారిగా సున్నాకి పడకుండా, ఎంత గట్టిగా నొక్కితే అంత దిగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ ప్యాడ్‌లో దాదాపు ప్రతి బటనూ ఒత్తిడిని కొలుస్తుంది. ఆ పొర మీద టంకం పెడితే కరిగిపోతుంది. నాకు కావాల్సింది 'నొక్కారా లేదా' అని మాత్రమే. అది చెప్పలేని తెలివైన ప్యాడ్ ఇది. మూసేశాను. ఒక స్ప్రింగ్ మిగిలింది, ఎక్కడిదో తెలియలేదు.

కావాల్సింది దానికంటే పాతది, కర్రలు లేని మొదటి ప్లేస్టేషన్ ప్యాడ్. అది ప్లేస్టేషన్ 2కి కూడా తగులుతుంది, పోట్లాట ఆటలకి సరిపోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో రెండు తెప్పించి ఉంచుకున్నవి ఉన్నాయి, జత 900. దీని లోపల అన్ని బటన్ల ఒక కొసా ఒకే తీగకి కలిసి ఉంటుంది, కామన్ గ్రౌండ్. ఒక్కో బటన్‌కీ ఒక్క వైరు లాగితే చాలు. నలుదిక్కులకి నాలుగు, దెబ్బలకి ఆరు, స్టార్ట్, సెలెక్ట్ కలిపి పన్నెండు, గ్రౌండ్‌తో పదమూడు. ఇద్దరికీ ఇరవై ఆరు అతుకులు.

బోర్డు మీది నల్ల కార్బన్‌కి టంకం అంటుకోదు. దాని పక్కన వెళ్లే సన్న తీగ మీది పచ్చ పూతని బ్లేడుతో గీకి, కింద రాగి గులాబీ రంగులో కనిపించాక, ముందు టంకం అంటుకోవడానికి కాస్త ఫ్లక్స్, తర్వాత ఆవగింజంత టంకం. గీకుడు ఒక వెంట్రుక ఎక్కువైనా తీగే లేచిపోతుంది. రెండో ప్యాడ్‌లో త్రిభుజం బటన్ తీగ అలాగే లేచింది. దాన్ని ఇంకాస్త ముందు, చిప్ దగ్గర పట్టుకుని అతకడానికి గంట పట్టింది. అతికిన ప్రతి వైరు మీదా వేడి జిగురు చుక్క పెట్టాను, లేకపోతే రేపు ఎవరైనా లాగితే అతుకుతో పాటు తీగా వస్తుంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి చూసి, "ఏవండీ, అద్దాలు మార్పించుకోవాలి మీరు" అంది. నిజమే. బోర్డు ముక్కుకి ఆనించుకుని కూర్చున్నాను.

డిసెంబర్ 15, ఆదివారం

పాత ప్యానెల్‌కి ఒక్కో ఆటగాడికి మూడు బటన్ల కన్నాలే ఉన్నాయి. మాకు అప్పట్లో అవే ఎక్కువ, ముస్తఫాకి కొట్టడం, ఎగరడం రెండే. టెక్కెన్‌కి నాలుగు కావాలి, స్ట్రీట్ ఫైటర్‌కి ఆరు. పాతదానికి కొత్త కన్నాలు పెట్టడానికి మనసొప్పలేదు, ఆ తమలపాకంత మచ్చతో సహా గుడ్డలో చుట్టి దాచాను. కొత్తది 12 మి.మీ. ప్లైవుడ్, పైన 3 మి.మీ. నల్ల అక్రిలిక్.

కాగితం మీద రెండు చేతులూ పెట్టి, వేళ్లు సహజంగా ఎక్కడ పడితే అక్కడ చుక్కలు పెట్టుకున్నాను. ఆటోనగర్‌లో తెలిసిన వర్క్‌షాపులో హోల్ సాతో కన్నాలు వేయించాను. బటన్లు నట్టు బిగించే రకం తీసుకున్నాను. నొక్కితే టక్కున కూర్చునే రకం పల్చటి రేకుకే సరిపోతుంది, ఇంత మందం చెక్కని అది పట్టుకోదు.

ఇంటికి తెచ్చి జాయ్‌స్టిక్ బిగిస్తే కర్ర పొట్టిదైపోయింది! అడుగు నుంచి బిగించడంతో పదిహేను మి.మీ. మందం దాన్ని మింగేసింది. పైన గుండు మాత్రం కుంకుడుకాయలా తేలింది. పట్టుకుంటే వేళ్లు అక్రిలిక్‌కి రాసుకుంటున్నాయి. కన్నాలు వేసే ముందు ఇది కొలవాలని ఎవరికైనా తడుతుంది. నాకు తట్టలేదు. మేస్త్రి గారు ఉలితో అడుగువైపు జాయ్‌స్టిక్ ప్లేటు మేర 7 మి.మీ. లోతు చెక్కి పుణ్యం కట్టుకున్నారు. "ముందే చెప్తే మిషన్‌తో తీసేవాణ్ణి కదండీ" అన్నారు, నా వైపు చూడకుండా.

డిసెంబర్ 22, ఆదివారం

వైరింగ్. అన్ని బటన్ల గ్రౌండ్‌నీ ఒక దాని నుంచి ఇంకోదానికి దండలా కలుపుకుంటూ పోయాను. టంకం లేదు, అన్నీ తోసి తగిలించే లగ్గులే. బటన్ చెడితే పీకి మార్చడమే.

కన్సోల్ కాయిన్ తలుపు వెనక కూర్చుంది. ఈ సన్న మోడల్ 23 సెంటీమీటర్ల వెడల్పు, 15 లోతు, 3కి లోపే మందం. డిస్కు మూత పైకి తెరుచుకుంటుంది కాబట్టి లోపల అరలో పెట్టేస్తే డిస్కు మార్చలేం. వంటింటి సొరుగులకి వేసే టెలిస్కోపిక్ ఛానెల్ జత తెచ్చి చిన్న ట్రే చేశాను. తాళం తీసి, ట్రే లాగి, డిస్కు మార్చి, తోసెయ్యడమే. ట్రే వెనక వైర్లకి మూరెడు వదులు ఇచ్చాను. అడాప్టర్ వేడికి వెనక తలుపులో ఒక కంప్యూటర్ ఫ్యాన్.

మొదటిసారి ఆన్ చేశాను. నీలం రంగు మెనూ వచ్చింది! జాయ్‌స్టిక్ పైకి తోస్తే గుర్తు కిందికి వెళ్లింది. కుడికి తోస్తే ఎడమకి. పది నిమిషాలు తల గోక్కున్నాక మూత తీసి చూస్తే అర్థమైంది. కర్ర మధ్యలో ఇరుసు మీద ఊగుతుంది. పైన గుండు కుడికి వెళ్తే, కింద తోక ఎడమకి వెళ్లి ఎడమ పక్క స్విచ్‌ని నొక్కుతుంది. నేను కుడి వైరుని కుడి స్విచ్‌కే పెట్టాను, బుద్ధిమంతుడిలా. ఎనిమిది లగ్గులు పీకి అటూ ఇటూ మార్చాను.

డిసెంబర్ 29, ఆదివారం

రెండు తిప్పలు.

ఒకటి, బొమ్మ మసక. పసుపు పిన్ను ఏవీ కేబుల్‌తో టెక్కెన్‌లో ప్రాణం గీత ఎక్కడ ముగిసిందో తెలియట్లేదు. టీవీ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపోనెంట్ కన్నాలు ఉన్నాయని అప్పుడు చూశాను. ఆ కేబుల్ 350. ఇక్కడ ఒక కిటుకు: పాత కేబుల్ పీకకముందే కన్సోల్ సెట్టింగుల్లోకి వెళ్లి కాంపోనెంట్ వీడియో దగ్గర 'ఆర్‌జీబీ' తీసి రెండోది పెట్టాలి. నేను ముందే పీకాను, రంగులన్నీ పచ్చబారిపోయి దెయ్యాల సినిమాలా వచ్చింది. మళ్లీ పాతది తగిలించి, మార్చి, కొత్తది పెడితే అక్షరాల అంచులు కోసినట్టు వచ్చాయి. మా ఆవిడ కూడా "ఇది వేరే టీవీనా?" అంది.

రెండు, తెర కుడి పైమూల వంగపండు రంగు మచ్చ, దాని పక్కన ఆకుపచ్చ. మాస్టారు కాయిల్ సరిగ్గా పెట్టలేదేమోనని ఫోన్ చేశాను. ఆయన ఒక్కటే అడిగారు, "స్పీకర్ ఎక్కడ పెట్టావు?" పైన బోర్డు వెనక, ట్యూబ్‌కి జానెడు దూరంలో, మామూలు స్టీరియో స్పీకర్. అందులో అయస్కాంతం! అదే లోపల ఎలక్ట్రాన్ల దారి మళ్లిస్తోంది. స్పీకర్లని కింద కాళ్ల దగ్గరికి దించాను. మచ్చ వెంటనే పోలేదు. టీవీ ఆపి, అరగంట చల్లారనిచ్చి, మళ్లీ ఆన్ చేస్తే కాయిల్ డుంగ్‌మని దులుపుతుంది. మూడు దులుపులకి తెల్లబడింది.

ఒక చికాకు తీరలేదు. కరెంటు పోయి వస్తే టీవీ నిద్రలోనే ఉంటుంది, రిమోట్‌తో లేపి ఏవీలో పెట్టాలి. రిమోట్‌ని చిల్లర డబ్బాలో వేశాను, అక్కడే ఉంటుంది.

జనవరి 5, ఆదివారం

కాయిన్ యంత్రం గురించి నాకు పెద్ద ఆశలేమీ లేవు, కానీ ఇవాళ అన్నిటికంటే సరదా అదే ఇచ్చింది.

ఇప్పటి రూపాయి వేశాను, గలగలమని జారి కింద వాపసు గిన్నెలో పడింది. ఇంకోటి, అదే. పెట్టెలో దొరికిన 1992 బిళ్ల వేస్తే మాత్రం లోపల సన్నటి ఊయల మీద నిలబడి, దొర్లి, స్విచ్ తీగని టిక్‌మని నొక్కి డబ్బాలో పడింది. స్కేలు తెచ్చి కొలిచాను. ఆ నాటి రూపాయి 25 మి.మీ. వెడల్పు, 4.85 గ్రాములు. 2011 నుంచి వచ్చింది 22 మి.మీ., ఈ మధ్య వచ్చింది 20. ఊయల మధ్య ఖాళీలోంచి పడిపోతున్నాయి. ఇల్లంతా చిల్లర గాలించి ఒక్కోటీ వేసి చూశాను. 2011 రకం రెండు రూపాయల బిళ్ల సరిగ్గా 25 మి.మీ., అదే 4.85 గ్రాములు. టిక్! ముప్పై ఏళ్లకి ఆట ధర రెండు రూపాయలైంది, అదీ ఎవరూ పెంచకుండానే.

ఆ స్విచ్‌ని ఒకటో ప్యాడ్ స్టార్ట్‌కి కలిపాను. బిళ్ల వేస్తే ఆట మొదలవుతుంది, బాగుంది. మేనల్లుడు వచ్చి రెండో బిళ్ల వేశాడు, ఆట ఆగిపోయింది. స్టార్ట్ అంటే మధ్యలో పాజ్ కూడా కదా! వాడికి అది ఎంత నచ్చిందంటే, వాళ్ల చెల్లెలు గెలుస్తున్న ప్రతిసారీ బిళ్ల వేసి ఆపాడు. "మావయ్యా, వీడు డబ్బులిచ్చి ఆపుతున్నాడు" అని ఫిర్యాదు. వైరు పీకేశాను. ఇప్పుడు బిళ్ల వేస్తే టిక్‌మంటుంది, డబ్బాలో పడుతుంది, ఇంకేం జరగదు. అయినా అందరూ వేస్తూనే ఉన్నారు.

పైన బోర్డుకి బ్యాక్‌లిట్ ఫ్లెక్సీ కొట్టించడానికి వెళ్లాను. 'వీడియో గేమ్స్, ఆట 1 రూపాయి' అని పసుపు మీద ఎరుపు అక్షరాలు. ఫ్లెక్సీ కుర్రాడు టైప్ చేసి ఆగి, "ఫొటోలు ఎవరివి వెయ్యాలి సార్?" అన్నాడు. ఎవరివీ వద్దంటే అనుమానంగా చూశాడు. పాత ట్యూబ్‌లైట్ బదులు ఎల్‌ఈడీ పట్టీ పెట్టాను. తెర చుట్టూ నల్ల సన్‌బోర్డు కోసి అంచులు మూశాను.

అన్నయ్యకి ఇక చెప్పక తప్పలేదు. మేం ముస్తఫా అనేది, నిజానికి క్యాప్‌కామ్ కంపెనీ వాళ్ల 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. 1993లో వచ్చింది. పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నేవాడి పేరు ముస్తఫా, దేశమంతా ఆటకి వాడి పేరే పెట్టేసింది. అమెరికన్ కామిక్ ఒకదాని ఆధారంగా తీసిన ఆట, పైగా పేరులోనే కారు కంపెనీ ఉంది. ఆ లైసెన్సుల చిక్కు వల్లే అంటారు, ఆ ఆట ఏ ఇంటి కన్సోల్‌కీ రాలేదు. క్యాప్‌కామ్ 2018లో ఇలాంటి పాత ఆటలు ఏడు కట్టగట్టి అమ్మినప్పుడూ అందులో ఇది లేదు. నా దగ్గరున్న క్యాప్‌కామ్ పాత ఆటల క్లాసిక్స్ డిస్కులో ఫైనల్ ఫైట్ ఉంది, రెండో దాంట్లో కెప్టెన్ కమాండో, నైట్స్ ఆఫ్ ద రౌండ్ ఉన్నాయి.

అవతల కాసేపు మాట లేదు. "అయితే ఇన్నాళ్లూ నువ్వు చేసింది ముస్తఫా లేని పెట్టెనా?" అన్నాడు.

జనవరి 13, సోమవారం, భోగి

తెల్లారుజామున నాలుగున్నరకి అమ్మ లేపింది, గుర్తు చెయ్యడానికి. లేచి స్విచ్ వేశాను. బోర్డు వెలిగింది, కాయిల్ డుంగ్‌మంది, మెనూ వచ్చింది. ఆవిడ చేతులు కట్టుకుని చూసి, "సరే, చెద పలకైనా ఇవ్వు" అంది. దానికి సన్‌మైకా లేదు, ఉత్త చెక్కే. మందు కొట్టిన పైపొర కాస్త చెక్కేసి ఇచ్చాను. మంటలో రెండు నిమిషాలు కూడా ఆగలేదు, అంత డొల్ల.

పదింటికి అన్నయ్య కుటుంబంతో దిగాడు. పెట్టెని చూసి ముందు ఏం మాట్లాడలేదు. వెనక్కి వెళ్లి, పక్కకి వెళ్లి, ప్యానెల్ ఎడమ అంచు మీద చెయ్యి పెట్టి తడిమాడు. "ఇది కొత్తది కదా, పాతదేదీ?" అన్నాడు. గుడ్డ విప్పి చూపించాను. ఆ మచ్చ మీద మణికట్టు ఆనించి కాసేపు ఉంచాడు.

జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి వేశాడు. టిక్. ఫైనల్ ఫైట్ పెట్టాను. మొదటి వీధిలోనే పీపా పగలగొట్టి లోపలి మాంసం ముక్క నేను తీసుకుంటే, "ఒరేయ్, నా ప్రాణం చూడు, నీకెందుకది!" అని అరిచాడు. 1996లో కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు. మధ్యాహ్నం భోజనానికి మూడుసార్లు పిలిచారు. సాయంత్రం పిల్లలకి రేగిపళ్లు పోసే వేళకి ఇద్దరం ఇంకా అక్కడే ఉన్నాం, వదిన వచ్చి వెనక తలుపు పక్కనున్న ప్లగ్ పీకేసింది.

"బాగానే ఉందిరా. డైనోసార్లు ఒక్కటే తక్కువ" అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. లోపల మూల చుట్టి పెట్టిన జామా కట్ట గురించి చెప్పాను. అసలు బోర్డు ఎక్కడైనా దొరికితే దానికి తగిలించొచ్చు, బొమ్మని ఈ టీవీకి ఎక్కించడానికి మాత్రం మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి. తెనాలిలో తనకి తెలిసిన పాత గేమ్స్ షాపాయన ఉన్నాడని వెంటనే ఫోన్ తీశాడు. పండగ పూట ఎవరు ఎత్తుతారు?

జనవరి 16, గురువారం

అందరూ వెళ్లిపోయారు. చిల్లర డబ్బాలో 74 రూపాయలు, ఒక వాషర్. వాషర్ ఎవరు వేశారో అడగక్కర్లేదు.

రెండో ఆటగాడి ఎగిరే బటన్ కిందికి వెళ్లి పైకి రావట్లేదు. విప్పి చూస్తే లోపలంతా అరిసెల పాకం, నువ్వులతో సహా. వేడి నీళ్లలో నానబెట్టాను. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో రెండు బటన్లు ఆర్డర్ పెట్టాలి.